ఈగల పెట్టెకు బొంత

బుగ్గారం,
సద్దుల బతుకమ్మ అయిపోయిన నాలుగో రోజు.

మంజులకు నీ పెనిమిటి సురేందర్ రాసేది ఏందంటే,

ఇక్కడ నేను, శ్రీజ, మా అవ్వ, బర్రె, మొన్న పుట్టిన దాని దూడ అందరం మంచిగున్నం. గక్కడ హిమాచల్ గుట్టల మీద సంఘాల పని నేర్పతందుకు పోయిన నువ్వు, నీ సంఘపు ఆడోళ్ళు, నీ ఇంటామె ముసలి దాదీ అందరు మంచిగుండాలె. "సల్లగుండాలె" అని రాయబోయి కొట్టేసిన. ఎందుకు కొట్టేసిన్నో ముందట తెలుస్తది.

పెట్టె మూత తీయంగనే గీ ఉత్తరం నీ చేతికచ్చి ఉంటది. ముందుగాల గిదంత సదువు, గప్పుడే లోపలి సామాను ముట్టు. నీకు ఓపిక లేదని నాకెర్కనే. పద్దెనిమిదేండ్ల సంది చూస్తున్న, ఏ సంచి తెచ్చినా గడప కాడనే ఇప్పుతవ్. గీ ఒక్కసారి నా మాట ఇను. ఫోన్ల చెప్పచ్చు గదా అంటవ్. నువ్వు సిగ్నల్ కోసం గా మూలమలుపు దాక నడిసి పోతవ్, నీ సుట్టు పదిమంది ఆడోళ్ళు నిలబడి "జీజాజీ నమస్తే" అంటరు, నువ్వేమో స్పీకర్ పెడ్తవ్. గంతమంది ఇంటుంటే మొగోడు తన తప్పు ఎట్ల చెప్పుకుంటడే?

నువ్వడిగినయ్ ముందు చెప్త. మా అవ్వ మోకాలికి నువ్వు పంపిన ఊలు పట్టీ కట్టుకున్నది. నొప్పి తగ్గిందా అవ్వా అంటే, "నొప్పి నొప్పే గని నా కోడలు పంపింది, ఇప్ప" అంటది. గీ ఉక్కకు చెమటలు పోస్తున్నా ఇప్పుతలేదు. శ్రీజ పొద్దున ఏడింటి బస్సుకు జగిత్యాల కాలేజీకి పోతున్నది. సదువు ఫర్వాలేదు, నోరే నీ లెక్క పెరిగింది. నేను వండిన బీరకాయ కూర తినుకుంట, "బాపూ, గిది కూరనా, కషాయమా?" అన్నది. నువ్వు లేవు గదా అని బతుకమ్మ నేనే పేర్చిన. తంగేడు పువ్వు, గునుగు పువ్వు అన్నీ బరాబరే తెచ్చిన. ఏం జేస్తం, బొడ్రాయి దాక పోయేసరికి ఒక పక్కకు ఒరిగింది. ఆడోళ్ళందరు నవ్వుడే నవ్వుడు. "సురేందరూ, నీ బతుకమ్మ కల్లు దాగిందా ఏంది?" అన్నరు. కల్లు గీసే ఇంట్ల పుట్టినంక గంత మాట పడాల్సిందే. నేను సుత నవ్విన.

ఇగ అసలు ముచ్చట. నీ ఉత్తరం నాలుగుసార్లు సదివిన. పోయినేడు నేను చేసి పంపిన మూడు పెట్టెల్ల తేనెటీగలన్నీ సలికాలంల సచ్చిపోయినయని, గీ ఏడు సంఘపోళ్ళు కష్టపడి ఒక్క తుట్టెను మల్ల వట్టి తెచ్చిన్రని, గది సుత పోతే తేనె పనే ఇడిసిపెడ్తమంటున్రని రాసినవ్. మంచు పడకముందే సలి దేశానికి ఏ తీరు పెట్టె మంచిదో చూసి పంపుమన్నవ్. గంతదాక బాగనే ఉన్నది. గని ఆఖరుకు రాసినవ్ సూడు, గది సదివినంక నాకు అన్నం దిగలే.

"చక్కెర పాకం పెట్టుదామని సలిల నేనే మూత తీసిన. గందుకే సచ్చినయ్. నా చెయ్యి మంచిది కాదు. గీసారి పెట్టె పంపు గని నేనైతే ముట్ట. గీ ఏడాది ఒడువంగనే ఇంటికస్త, మల్ల ఎవ్వలకు ఏం నేర్ప" అన్నవ్.

నువ్వా? మన ఊర్ల పన్నెండు సంఘాలు నిలబెట్టిన దానివి, హిందీ రాకున్నా జగిత్యాల హిందీతోనే గా గుట్టలోళ్ళకు సంఘం లెక్క నేర్పినదానివి, నువ్వు నేర్ప అంటవా? నీ చెయ్యి ముచ్చట తరువాత చెప్త. ముందు పెట్టె కథ ఇను.

పోయినేడు నేను నాలుగు పెట్టెలు చేసిన గదా, మూడు నీకు పంపి ఒకటి ఇంట్లనే ఉంచిన. దాంట్ల మన కోడి గుడ్లు పెడ్తున్నది. దాన్ని లేవగొట్టి, పెట్టె కడిగి, భూమయ్య కాక కాడికి వట్టుకపోయిన. మన తాటిచెట్లల్ల ఏ తొర్రల తేనె ఉన్నా దీసేది ఆయననే గదా, ఈగల గుణం ఆయనకు తెల్సినంత ఎవ్వలకు తెల్వది. కాక పెట్టెను అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. "గిది ఈగలకా, పావురాలకా?" అని అడిగిండు.

"ఈగలకే కాకా, గాలి ఆడాలె గదా."

"ఓరి పిచ్చోడా, ఈగ ఎన్నడన్న కిటికీలున్న ఇల్లు చూసుకున్నదా? తొర్ర చూసుకుంటది. మందం చెక్క, ఒక్కటే సందు. గిన్ని తూట్లు వెట్టి ఈగలకు గాలిమేడ కట్టినవ్ గదరా!"

నాకు తల తిరిగింది మంజులా. నువ్వే చెప్పు, మనది ఎండల దేశం. నేను పుట్టింది బుగ్గారంల, కర్రపని నేర్సింది దుబాయ్‌ల. గీ రెండు జాగల్ల మంచి ఇల్లంటే ఏంది? గాలి రావాలె, నీడుండాలె, ఎండ మొకం చూడద్దు. మనం దీవెన ఇచ్చినా సల్లగుండు అనే అంటం. గందుకే నేను పలుసటి చెక్కతోని పెట్టె జేసి, నాలుగు దిక్కుల తొమ్మిది తూట్లు కొట్టి, మీద రేకు మూత వెట్టి, ఎండ గుంజద్దని తెల్ల రంగు ఏసిన. మూతి ఉత్తరం దిక్కు పెట్టు, అక్రోటు చెట్టు నీడకు పెట్టు అని నీకు చెప్పిన. నువ్వు చెప్పింది చెప్పినట్లే చేసినవ్. మంచు పడే జాగల ఈగలకు నేను ఎండకాలం పందిరి ఏసిన!

గప్పుడు నీ ఉత్తరం మల్ల సదివిన. దాదీ ఇంటి గోడల గూడు ఉన్నదని, అవతలి దిక్కు ఎండకు చిన్న సందు, ఇవతల పొయ్యి కాడ చెక్క తలుపు, ఆమె అత్తల కాలం సంది గా గూట్ల ఈగలు ఒక్క సలికాలంల సుత సావలేదని ఉత్తగనే ముచ్చటకు రాసినవ్. అగో, మనకు కావాల్సిన పెట్టె గా గోడలనే ఉన్నది. మూరెడు మందం రాయి, మట్టి. గా గోడను పెట్టె జేసి ఎట్ల పంపాలె?

కోరుట్ల సామిల్లుకు పోయి చెక్కలు కోపిచ్చుకొని అచ్చిన. రెండు తీర్ల పెట్టెలు జేసిన. ఒకటి తాటి మొద్దు. నడుమ తొలిచి, రెండు దిక్కుల బిళ్ళలు కొట్టిన, అచ్చం తొర్రనే. ఇంకోటి పెట్టెల పెట్టె. లోపల చిన్నది, బయట పెద్దది, నడుమ మూడు వేళ్ళ సందుల వడ్ల ఊక కూరి కూరి పెట్టిన. మూతి ఒక్కటే, అడుగున, వేలు దూరేంత. నా పాత గాలిమేడతోని కలిపి మూడు పెట్టెలయినయ్. గిప్పుడు సలిల ఏది నిలుస్తది? బుగ్గారంల సలి ఏడికెల్లి తేవాలె? మూడు రోజులు గదే పరేషాన్.

సామేలు యాదికచ్చిండు. దుబాయ్‌ల నాతోని ఒక్క రూముల నాలుగేండ్లు ఉన్నడు గదా, గిప్పుడు జగిత్యాలల చింతపండు పెట్టే కోల్డ్ స్టోరేజ్‌ల పనిజేస్తున్నడు. "అన్నా, ఈగలను తెస్తవా?" అని ముందుగాల భయపడ్డడు. ఈగలు కాదు తమ్మీ, ఉడుకు నీళ్ళు అన్న. మన ఊరి కోళ్ళఫారంల పిల్లల కాడ పెట్టే థర్మామీటర్లు మూడు అడుక్కపోయిన. మూడు పెట్టెల్ల అయిదు లీటర్ల క్యాన్లు మూడు, ఒక్క తీరు ఉడుకు నీళ్ళు పోసి, మూత పెట్టకుంట ఉంచినం. ఈగలు సుత శ్వాస ఇడుస్తయి గదా, గా ఆవిరి లెక్కకు. పొద్దున తొమ్మిదింటికి పెట్టి, సాయంత్రం అయిదింటికి తీయాలె అనుకున్నం.

నేను బయట కూసోవచ్చు. గని నా పెండ్లాం ఏడాది సంది ఉంటున్న సలి ఎట్లుంటదో చూద్దామనిపించింది. సామేలు ఇచ్చిన మంకీ టోపీ పెట్టుకొని లోపల కూసున్న. అబ్బ! పావుగంటకు ముక్కు నాది కాదు. అర్ధగంటకు చెవులు నాయి కావు. పండ్లు టకటక కొట్టుకున్నయ్. గీ సలిల నువ్వు పొద్దుగాల లేచి బకెట్ల మంచుపలక పగులగొట్టి మొకం కడుక్కుంటవు, గుట్ట ఎక్కి దిగి సంఘాలు చూస్తవు, ఉత్తరంల మాత్రం "ఇక్కడ వాతావరణం బాగుంది" అని రాస్తవు. నాకు ఏడుపచ్చింది. సామేలు చూసి "సలికి కండ్లల్ల నీళ్ళొస్తయన్నా" అన్నడు. అవును తమ్మీ, సలికే అన్న.

అయిదింటికి పెట్టెలు ఇప్పినం. నా గాలిమేడల నీళ్ళు ఆరు డిగ్రీలు. బయటి గది అయిదు, లోపల ఆరు! పెట్టె ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తాటి మొద్దుల పదహారు. ఊక నింపిన పెట్టెల ఇరవై ఎనిమిది! సామేలు నన్ను ఎత్తుకొని తిప్పిండు. చింతపండు బస్తాలు మోసే హమాలీలు సుత పని ఇడిసి అచ్చి చూసిన్రు.

గా సంబురంల ఊక పెట్టె మూత పైకి ఎత్తిన. కింది దిక్కు నిండ నీళ్ళ చుక్కలు. చెయ్యి పెడ్తే టప్ టప్ పడ్డయ్. అన్నం గిన్నె మీది మూత తీస్తే కారుతయి సూడు, గట్ల. నా సంబురం ఆడనే దిగిపోయింది. నువ్వు రాసింది యాదికచ్చింది, "తీసి చూస్తే ఈగలు తడిసిన ముద్ద లెక్క ఉన్నయ్, మూత కింద నీళ్ళు" అని. సలికే కాదు మంజులా, తడికి సచ్చినయి. తడి బట్ట కట్టుకొని సలిల నిలబడ్డోని గతే. పాత పెట్టె మూత తీసి చూస్తే గా రేకు సుత నీళ్ళు కారుతున్నది.

మరునాడు సిరిసిల్ల బస్సెక్కి మా రాజవ్వ అక్క కాడికి పోయిన. లంగాలు కుట్టి కుట్టి బట్ట గుణం దానికెర్కనే. "అక్కా, మీద ఎచ్చగుండాలె, తడి గుంజాలె, కింద చుక్క పడద్దు" అన్న. అక్క నా మొకం దిక్కు గూడ చూడలే. "గిదేం బ్రహ్మవిద్యరా, బొంత కుట్టు" అన్నది. మగ్గాల కాడ మిగిలిన నూలు ముక్కలు, పాత చీరె పేలికలు నింపి, పెట్టె మూతకు సరిపోను మెత్తటి బొంత ఒక్క గంటసేపట్ల కుట్టింది. "మనుషులకు కుట్టిన, పసిపిల్లలకు కుట్టిన, గిప్పుడు ఈగలకు గూడ కుడ్తున్న. మీ ఇద్దరి సంసారంల ఇంకేమేం కుట్టాల్నో!" అని ఒకటే నవ్వు. గా బొంత పెట్టి, దాని మీద ఆవిరి పోయేటందుకు వేలు సందు ఇడిసి, చెక్క మూత పెట్టి మల్ల సామేలు కాడ చూసిన. నీళ్ళు ముప్పయి. బొంత పై దిక్కు చెమ్మ, కింది దిక్కు పొడి. ఒక్క చుక్క లేదు!

గదే గీ పెట్టె. మొద్దు సుత మంచిదే గని లోపల ఏమైతున్నదో చూడరాదు, గుట్ట ఎక్కియ్యరాదు, గందుకే వద్దన్న. గిది నీ గుట్ట ఈగల గుంపుకు సరిపోయేటట్లు చిన్నగ జేసిన. ఇల్లు పెద్దగుంటే ఎచ్చగ చేసుకునుడుకే వాటి పానం పోతది. మూతి పొద్దుటెండ పడేటట్లు పెట్టు, ఎన్కకు దాదీ ఇంటి గోడ ఉండాలె, గాలి కొట్టద్దు. ముందుకు వేలంత వంచు, లోపల ఏమన్న తడి ఉంటే మూతికెల్లి కారిపోతది. పాకం పెట్టేదంతా మంచుకు ముందే పెట్టు. సలి పడ్డంక మూత తీయకు, ఎన్కకెల్లి జర లేపి బరువు చూడు, తేనె ఉన్నదా లేదా తెలుస్తది. మీ కాడి కర్రపని వడ్లాయనకు చూపిస్తే ఇంకా చేస్తడు. ఊక దొరకకుంటే గొర్రె ఊలు కూరుమను.

ఇగ నీ చెయ్యి ముచ్చట. నువ్వు మూత తీసింది రెండు నిమిషాలు. నేను కొట్టిన తొమ్మిది తూట్లు మూడు నెలలు తెరిచే ఉన్నయ్. నువ్వు గా పాకం పెట్టకుంటే గవి ఇంకో నెల ముందే సచ్చేటియి. తప్పు నాది. నీ సంఘపోళ్ళకు సుత చెప్పు, గీ కాయితం సదివి ఇనిపియ్యి. జీజాజీకే తెలివి లేదని చెప్పు.

గని మంజులా, ఒక ముచ్చట మిగిలింది. తెల్వని పని ఎందుకు నెత్తిన పెట్టుకున్నవ్ అని నువ్వు అడుగుతవ్. పోయినేడు నువ్వు స్పీకర్ పెట్టి "మా ఆయన తేనె మనిషి, ఆయననే అడుగుదాం" అన్నప్పుడు నాకు తెల్వదనకుంట ఊ కొట్టిన. ఎందుకంటవా?

మన పెండ్లిచూపులకు ఎల్లారెడ్డిపేటకు నేను సీసడు తేనె తెచ్చిన, యాదున్నదా? నేనే తాటిచెట్టెక్కి తీసిన అని మీ బాపుకు చెప్పిన. ఆయన సంబురపడి "పిలగాడు గుండె ఉన్నోడు" అన్నడు. నువ్వు తలుపు ఎన్కకెల్లి అచ్చి వేలుతోని జర నాకి, నన్ను చూసి నవ్వి, మీ అవ్వతోని ఇష్టమే అని చెప్పినవ్. గా తేనె నేను తీయలేదే. భూమయ్య కాక తీసిండు. నాకు ఈగలంటే సచ్చేంత భయం. మోకు ఏసుకొని తాటిచెట్టు ఎక్కుతుంటే మీద ఒక్క ఈగ జుమ్మంటే సర్రున దిగేటోన్ని. ఊరంత ఎర్క, నీకు ఒక్కదానికే తెల్వది. పద్దెనిమిదేండ్లు గా సీస దాచిపెట్టిన. గా అబద్ధమే పోయి పోయి నీ ఈగల మీద, నీ చేతి మీద పడ్డది. కాళ్ళు మొక్కుత, నన్ను ఎంతన్న తిట్టు గని నీ చేతిని తిట్టకు.

భూమయ్య కాక ముందట సుత ఒప్పుకున్న. కాక నవ్వి "గీ ఆదివారం రా" అన్నడు. పోయిన. చెల్క కాడ పడిపోయిన తాటి మొద్దుల చిన్నీగల తుట్టె ఉన్నది. కాక దూరం జరిగి చేతులు కట్టుకొని నిలబడ్డడు. పొగ నేనే పెట్టిన, చెయ్యి నేనే పెట్టిన. పిల్లలున్న పెర ముట్టకుంట తేనె ఉన్న మూల ఒక్కటే కోసుకచ్చిన. మూతి మీద రెండు, రెప్ప మీద ఒకటి కుట్టినయ్. శ్రీజ నన్ను చూసి గేటు కాడనే కూలబడి నవ్వింది. మా అవ్వ ఊలు పట్టీ ఇప్పి నా మొకానికి కడ్తనన్నది. గింత వాచిన మూతితోని గింత సంబురంగ నేను ఎన్నడు లేను.

గిప్పుడు సామాను ముట్టు. మీద ఉన్న చిన్న బొంత ఈగలది. కింద మడత పెట్టిన పెద్ద బొంత నీది, అక్కనే కుట్టింది, నీ పాత చీరెలు మూడు దాంట్లనే ఉన్నయ్. మీ ఎల్లారెడ్డిపేట కాంచి గా దిక్కే నేర్పతందుకు పోతున్న ఆడోళ్ళు రైలుల పదిలంగ తెస్తమన్నరు. గీ ఏడాది ఒడిసినంక రావాల్నా, ఇంకో ఏడు ఉండాల్నా నీ ఇష్టం. ఉంటనంటే శ్రీజ సెలవులకు మేమే అస్తం, మంకీ టోపీ కొనుక్కున్న. గని ఈగలను గీ పెట్టెల పెట్టేది నీ చెయ్యే కావాలె. ఎచ్చగుండు.

బొంత మడతల చిన్న సీస ఉన్నది. పద్దెనిమిదేండ్ల కింద నువ్వు ఇష్టమే అన్నది భూమయ్య కాక తేనెకు. గిది నాది. వేలుతోని జర నాకి, మల్లొక్కసారి చెప్పు, ఇష్టమేనా?

ఇట్లు,
మూతి వాచిన నీ పెనిమిటి,
శ్రీజ బాపు